నడిమింటి అద్దం

దయ్యాలంటే నాకెప్పుడూ భయం లేదు. మనుషులంటేనే భయం. కొత్తవాళ్ళు ఇంటికొస్తే తలుపు చాటుకు పోయి, వాళ్ళు వెళ్ళిపోయాక బయటికి వచ్చేదాన్ని. మాది క్రైస్తవ కుటుంబం. నాయన మిషను బడిలో పంతులు. చీకట్లో కనబడేవన్నీ కంటి పొరపాట్లని ఆయన నా చిన్నప్పుడే చెప్పాడు, నేను నమ్మాను. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. నేను చెప్పబోయేది దయ్యం సంగతి అని కూడా అనను. అది జరిగింది పట్టపగలు. ఏ రోజుకారోజు డైరీలో రాసుకున్నది ముందు పెట్టుకొని ఇది రాస్తున్నాను.

నాయనకు మార్కాపురం బదిలీ అయినప్పుడు ఇల్లు దొరకడం కష్టమైంది. ఖాళీ ఇళ్ళు లేక కాదు. "మీరేం వాండ్లు?" అని అడిగి, జవాబు విన్నాక "మా తమ్ముడు దిగుతానన్నాడు" అనేవాళ్ళు. నాలుగో ఇంటి దగ్గర కూడా తమ్ముడే అడ్డం వచ్చాడు.

"ఈ ఊర్లో అందరికీ తమ్ముళ్ళే. అదృష్టవంతులు," అంది అమ్మ.

చివరికి సుబ్బమ్మ అనే ఆమె తన ఇల్లు ఇచ్చింది. ఆమె భర్త పలకల గనిలో మేస్త్రీగా చేసి చనిపోయాడట. అప్పటినుంచి ఆమె యర్రగొండపాలెంలో అన్నగారింట్లో ఉంటోంది. నలభై అయిదేళ్ళుంటాయేమో, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నాయన దాచకుండా మా సంగతంతా చెబితే ఆమె మధ్యలోనే ఆపింది.

"ఏం వాండ్లైతే ఏంది నాయనా? ఇంట్లో దీపం పెట్టే మనుషులు కావాల. ఇట్లే వదిలితే గబ్బిలాలు సంసారం పెడతాయి."

అంత మంచిదే అయినా, మా చేతి మంచినీళ్ళు మాత్రం తాగలేదు. అమ్మ చెంబు తెచ్చింది. ఆమె "ఇప్పుడే తాగినానమ్మా" అంది. ఊరి కట్టుబాటు అది. అమ్మకు తెలుసు, ఆమెకూ తెలుసు.

అది మట్టి గోడల మిద్దె ఇల్లు. నడిమిల్లు పగలు కూడా చీకటిగా ఉండేది. వెలుగు రావడానికి పడమటి వైపు ఒక్క తలుపు ఉంది, అంతే. నా పుస్తకాలు పెట్టుకోవడానికి దొరికిన చోటు ఆ గదే. మిషను దొరసాని బంగళాకు కుట్టుపని నేర్చుకోవడానికి పోయినప్పుడు అక్కడ ఒక గది చూశాను. గోడలకు లేత నీలం రంగు, కిటికీకి ఎదురుగా పెద్ద అద్దం. కిటికీలో పడ్డ వెలుగు అద్దానికి తగిలి గదంతా పరుచుకునేది. మా నడిమింటినీ అట్లా చేయాలని మనసు పడ్డాను.

క్రిస్మసుకు పది రోజుల ముందు సున్నం నానబెట్టాం. వడగట్టి, తుమ్మజిగురు కలిపి, బట్టలకు వేసే నీలిమందు కొంచెం కొంచెంగా కలిపాను.

"గోడకు నీలమేందే?" అంది అమ్మ. "చదివి చదివి దొరసానివైపోయినావు. రేపు నాకు గౌను కుట్టిస్తావా ఏంది?"

గోడ పాత రంగు వెలిసిపోయిన పసుపు. పడమటి తలుపు పక్కన, నా నడుముకు కొంచెం కిందినుంచి భుజానికి జానెడు కిందిదాకా, పలక ముక్కతో గీసిన గీతలు ఉన్నాయి. చిన్న అడ్డగీతలు, ఒకదాని పైన ఒకటి, ఆరు. మార్కాపురంలో ఏ ఇంటి గోడ చూసినా పలక ముక్కల గీతలే. ఊరి పిల్లలకు ఆటవస్తువులు అవే కదా. ఎవరో పిల్లలు గీకి ఉంటారనుకున్నాను. గీతలు లోతుగా దిగి ఉండడంతో కుంచెకు అందలేదు. చిక్కటి సున్నం వేలికి తీసుకొని, ఒక్కొక్క గీతను పూడ్చి, బొటనవేలితో నున్నగా రుద్దాను. పని బాగా కుదిరిందని డైరీలో రాసుకున్నాను కూడా.

అద్దం అటక మీద దొరికింది. గోనెపట్టాలో చుట్టి ఉంది. చేయంత పొడవు, టేకు చట్రం. ఇంట్లో ఉన్న సామాను వాడుకోమని పెద్దమ్మ ముందే చెప్పింది కాబట్టి దించి తుడిచాను. తూర్పు గోడకు పాత మేకు ఒకటి ఉంటే దానికే తగిలించాను. సాయంత్రం ఎండ పడమటి తలుపులోంచి వచ్చి అద్దం మీద పడింది. గది తెల్లవారినట్టయింది. అమ్మ కూడా బియ్యం చేట తెచ్చుకొని అక్కడే కూర్చుంది.

జనవరి రెండో వారం అనుకుంటాను. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు అద్దం కింద కూర్చొని చదువుకుంటూ, జడ వేసుకుందామని లేచి అద్దంలోకి చూశాను. నా ముఖం వెనక గోడ పసుపుగా ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. నీలంగానే ఉంది. మళ్ళీ అద్దంలో చూశాను. పసుపు. తలుపు పక్కన ఆరు గీతలు.

ఎండ వల్ల అనుకున్నాను. తలుపు మూసి చూశాను, తెరిచి చూశాను. ఉదయం చూశాను, మబ్బు పట్టిన రోజు చూశాను. అద్దాన్ని వేరే గోడకు మార్చాను. అక్కడ అన్నీ ఉన్నవి ఉన్నట్టే చూపించింది. తిరిగి పాత మేకుకు తగిలిస్తే పసుపు గోడ. ఇవన్నీ తారీఖులతో సహా రాసిపెట్టాను, నా మీద నాకే నమ్మకం లేక.

నాలుగో రోజు అమ్మను పిలిచి, ఏమీ చెప్పకుండా తలుపు పక్కన నిలబడమన్నాను. అద్దంలో అమ్మ అమ్మలాగే ఉంది. ఎర్ర చీర ఎర్రగానే ఉంది. ఆమె వెనక గోడ పసుపు, మోచేతి పక్కన గీతలు. తర్వాత ఆమెను నా చోటికి పిలిచి, ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టమన్నాను.

"ఆరు," అంది. అని గోడ వైపు తిరిగింది. "మీ నాయనను పిలువు," అంది.

నాయన చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చూశాడు. "పాత అద్దం, పాదరసం పోయింటాది," అని చెప్పి, బడికి వేళైందన్నాడు. ఆ రోజు ఆదివారం.

అద్దం తీసెయ్యమని అమ్మ రెండుసార్లు అంది. నేను తీయలేదు. వెలుగు కోసం అన్నాను. నిజానికి ఆ గీతలను చూస్తే భయం వేసేది కాదు. చదువు మధ్యలో తలెత్తి చూస్తే అవి అక్కడ ఉండేవి, అంతే.

ఉగాది రోజు ఉదయం పెద్దమ్మ మోటారు బస్సులో వచ్చింది. పండగనాడు ఎందుకొచ్చిందో మాకు తెలియదు. ఇంట్లోకి వస్తూనే నడిమింటి పడమటి తలుపు దగ్గరికి పోయింది. అరచెయ్యి గోడకు ఆనించింది. చెయ్యి పైకి పోయింది, కిందికి వచ్చింది. కళ్ళు లేనివాళ్ళు వెతికినట్టు వెతికింది.

"ఈడ గీతలుండాల," అంది.

అమ్మ నా వైపు చూసింది.

"నా బిడ్డవి. ఏటా ఉగాది పచ్చడి నాలిక మీద పెట్టి, ఈడ నిలబెట్టి గీస్తా ఉంటి. ఆరు గీసినాను. ఏడో ఉగాదికి ఇరవై దినాలుందనంగా చలిజ్వరంతో పాయె." అదే గొంతుతో, మంచీ చెడ్డా మాట్లాడుకుంటున్నట్టే చెప్పింది. "పదేండ్లాయె. ఉగాదికొచ్చి చూసిపోతాను."

నాయన చేతులు జోడించాడు. "అమ్మా, తెలియక చేసినాము. గీకిస్తాను, ఈ పొద్దే మనిషిని పిలిపిస్తాను."

"గీకితే మన్ను రాలతాది నాయనా, గీత వస్తాదా?" అంది ఆమె. గోడకు ఆనుకొని కింద కూర్చుంది. "మిమ్మల్ననేదేముంది? ఆ గోడ జోలికి పోవద్దని నేనే చెప్పలేదు. చెప్పాలంటే దాని పేరెత్తాలి కదా."

ఆమె తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. ఇల్లు పోతుందని అమ్మ భయపడుతోందని తెలుసు. నాకు ఇల్లు గుర్తుకు రాలేదు. నా బొటనవేలే గుర్తుకొచ్చింది. ఒక్కొక్క గీతనూ నున్నగా రుద్దిన వేలు. ఒక తల్లికి ప్రపంచంలో మిగిలిన ఆరు గీతలను నేను పండగ అలంకారం కింద పూడ్చేశాను.

అంతమంది ముందు నోరు విప్పడం నాకు చేతకాదు. అయినా ఆమె దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను.

"పెద్దమ్మా, ఒక్కసారి ఇట్ల వచ్చి చూడు."

అమ్మ వద్దన్నట్టు తల ఊపింది. నేను ఆమెను అద్దం ముందు నిలబెట్టాను.

ఆమె చాలాసేపు చూసింది. వెనక్కి తిరగలేదు. పెదవులు కదులుతుంటే లెక్కపెడుతోందని తెలిసింది. తర్వాత అంది:

"ఏడు."

"ఆరు పెద్దమ్మా," అన్నాను.

"కాదు పాపా. ఆ పైది నేను గీయలేదు."

ఆమె పక్కనుంచి చూశాను. ఏడు ఉన్నాయి. ఆరో గీతకు నాలుగు వేళ్ళ పైన ఇంకొకటి. ఆ రోజు పొద్దున గది ఊడ్చేటప్పుడు కూడా చూశాను, అప్పటికి ఆరే. అమ్మ వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన కూడా చూశాడు. ఈసారి పాదరసం మాట ఎత్తలేదు.

"నాలుగు వేళ్ళు పెరిగింది," అంది పెద్దమ్మ. "ఏటా అంతే పెరిగేది."

పెరటిలోంచి పలక ముక్క ఒకటి తెమ్మని అడిగింది. తెచ్చిచ్చాను. ఆమె గోడ దగ్గర, నేను అద్దం దగ్గర. నేను అద్దంలో చూస్తూ చెప్పాను, ఆమె నీలం గోడ మీద గీసింది. అద్దంలో కుడి ఎడమవుతుంది కదా, రెండుసార్లు తప్పు చెప్పాను.

"పుస్తకాలు చదివే పిల్లవు, కుడి ఎడమ తెలీదా?" అంది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

కింది గీతనుంచి మొదలుపెట్టి ఆరూ అయ్యాయి. ఏడో గీత దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "ఇంకొంచెం పైకి," అన్నాను. "ఆఁ, అక్కడే." గీసింది. పలక ముక్క కింద పెట్టి, అమ్మ వైపు తిరిగింది.

"గుక్కెడు నీళ్ళియ్యి చెల్లెలా."

అమ్మ తొందరలో చెంబు తెస్తుంటే నీళ్ళు సగం దారిలో ఒలికాయి. మిగిలినవి ఆమె ఎత్తి పోసుకోకుండా, చెంబు కరిచి తాగింది.

నేను అద్దం వైపు చూశాను. గోడ నీలంగా ఉంది. నీలం గోడ మీద, ఆమె ఇప్పుడే గీసిన ఏడు గీతలు తెల్లగా ఉన్నాయి. ఆ తర్వాత ఆ అద్దంలో పసుపు రంగు మేమెవ్వరం చూడలేదు.

మరుసటి ఏడాది ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చి బస్సెక్కలేకపోయింది. ఉగాదికి మూడు రోజుల ముందు ఎవరిచేతనో రాయించిన కార్డు వచ్చింది. పండగనాడు అద్దంలో చూసి, ఎన్ని ఉన్నాయో రాయమని నన్ను అడిగింది.

చూశాను. ఏడే. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, దీపం పెట్టేముందు చూశాను. కలం పట్టుకొని కూర్చున్నాను. ఎనిమిది అని రాస్తే ఏం పోతుంది అనిపించింది. ఒక్క అంకె. కానీ ఒకసారి తెలియక ఆమె గోడను చెరిపాను, ఈసారి తెలిసి తెలిసి లేని గీత గీయలేకపోయాను. "ఏడే ఉన్నాయి పెద్దమ్మా," అని రాశాను.

పది రోజులకు జవాబు వచ్చింది. "సరేలే పాపా. నాకు ఆరే అనుకుంటి. ఒకటి ఎక్కువే ఇచ్చినాడు దేవుడు. మీ దేవుడో మా దేవుడో."

ఆ తర్వాత నాయనకు దొనకొండ బదిలీ అయింది. ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో తెలియదు. అద్దం సంగతి ఎవరికైనా చెబితే పాదరసం అంటారు, ఎండ అంటారు, మనసులో పెట్టుకొని చూశారంటారు. పసుపు రంగు వరకు వాళ్ళ మాట వినగలను. గోడ మీద ఆరు గీతలు ఉన్నాయని నాకు ముందే తెలుసు కాబట్టి, ఆ ఆరు వరకు కూడా వింటాను. ఏడో గీత మాత్రం మాలో ఎవరికీ తెలియదు, ఆ పిల్ల తల్లికి కూడా.