ఆంటీ కోసం ఎంచిన రాడార్

అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. "తల్లీ, అంకుల్ పోయినారు. కాఫీ ఇద్దామని పోతే పలకలేదు," అన్నారు. తర్వాత, "బోటు కవర్ ఇంకా తియ్యనే లేదు," అన్నారు.

ఆ రెండో మాట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఏప్రిల్ వస్తే చాలు, మా ఇంట్లో ఇంకో మాట ఉండేది కాదు. చలికాలమంతా పడవల యార్డులో తెల్ల ప్లాస్టిక్ కప్పుకుని ఉండే ఆ పాత తెరచాప పడవను నీళ్ళలోకి ఎప్పుడు దించాలి, మంచు మళ్ళీ పడుతుందా, బ్యాటరీలు బతికే ఉన్నాయా అని అంకుల్ ఇల్లంతా తిరుగుతూ ఉండేవారు. "మా ఇల్లు" అంటున్నాను కానీ అది వాళ్ళ ఇల్లు. చదువుకోవడానికి మిషిగన్ వచ్చినప్పుడు ట్రాయ్‌లో వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకు దిగాను. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను.

అంకుల్ కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యారు. అనంతపురం మనిషి. "మా ఊర్లో నీళ్ళంటే ట్యాంకరే పాపా. దాని వెనకాల బిందె పట్టుకుని పరిగెత్తినోడికి ఇంత సరస్సు కనిపిస్తే ఊరుకుంటాడా?" అనేవారు. మా ఇంటి నుంచి కారులో అరగంట పోతే సెయింట్ క్లెయిర్ సరస్సు. అక్కడ ఎవరో ముసలాయన వదిలించుకుంటున్న పడవను కొన్నారు. నడపడం క్లాసుకు వెళ్ళి నేర్చుకున్నారు.

ఆంటీకి ఈత రాదు. నీళ్ళంటే భయం. పైగా అంకుల్ గుండెకు అప్పటికే స్టెంట్లు వేశారు. అందుకని ఆమె ఒకే ఒక షరతు పెట్టారు. అది పెట్టినప్పుడు నేను డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని ఉన్నాను.

"నడిమధ్యలో మీకేమన్నా అయితే నేను ఒడ్డుకు ఎట్ల రావాల? అది చూపించండి. అప్పుడు ఎక్కుతా."

"హెల్ప్ పిలుస్తావు. రేడియో ఉండాది."

"వాళ్ళు వచ్చేదాకా? పొగమంచు పడితే? ఆ పెద్ద పెద్ద ఓడలు వస్తాయి కదా, వాటికి నేను కనపడతానా?"

అంకుల్ లేచి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి, మూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఆయన మోకాలు టేబుల్ కింద ఊగడం మొదలైంది. ఆయనకు ఏ సమస్య పట్టుకున్నా మొదట తెలిసేది ఆ మోకాలికే. నీళ్ళ గ్లాసుల్లో నీళ్ళు వణికేవి.

ఆ ఊపు రెండు చలికాలాలు ఆగలేదు. పడవకు మ్యాప్ చూపించే తెర ఒకటి కావాలి. దాన్ని చార్ట్‌ప్లాటర్ అంటారు. మనం ఎక్కడున్నాం, లోతెంత, ఇంటికి దారేది అన్నీ అందులో కనిపిస్తాయి. దానికి తోడు రాడార్ కావాలా వద్దా అనేది రెండో ప్రశ్న. ఇవి కొనేవాళ్ళు మామూలుగా తమకు ఏది బాగుంటుందో చూసుకుంటారు. అంకుల్ వెతుకుతున్నది తాను లేనప్పుడు, భయంలో ఉన్న మనిషి వాడగలిగినది. అలాంటి ప్రశ్నకు ఏ రివ్యూలోనూ సమాధానం దొరకదు. సోమవారం ఒకటి ఖాయం చేసేవారు, బుధవారానికి అది నచ్చేది కాదు.

నన్ను ఆ పనిలోకి లాగింది ఆయనే. నేను ఎక్కువ మాట్లాడను. కాన్వెంట్‌లో ఉన్నప్పుడు సిస్టర్ నన్ను స్టేజీ మీదికి పంపడం మానేసి ప్రేయర్‌లో పాఠం చదవమనేవారు. చదవమంటే చదవగలను. అది అంకుల్ ఎలా కనిపెట్టారో తెలియదు. ఒక శనివారం నా చేతిలోని నవల పక్కన పెట్టించి ఒక మాన్యువల్ పెట్టారు. "ఇది చదువు పాపా. నేను కూర్చుని చదవలేను. నువ్వు చదువుతాంటే నేను తిరుగుతా." నేను సోఫాలో కూర్చుని చదివేదాన్ని, ఆయన హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ వినేవారు. నాకు అర్థం కాని చోట నా గొంతు మారేదట. అక్కడ ఆగి, "మళ్ళీ చదువు. నీకు అర్థం కాలేదంటే మీ ఆంటీకి కాదు," అనేవారు. ఇంకొకరు అని ఉంటే ఆ మాటకు నొచ్చుకునేదాన్నేమో. ఆయన అంటే నాకు ఉద్యోగం ఇచ్చినట్టు ఉండేది.

కొనకముందే చూడాలని ఒక పని చేశారు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టలు కత్తిరించి, తెరల బొమ్మలు అసలు సైజులో ప్రింట్ తీసి అంటించారు. చిన్నది, నడిమిది, పెద్దది. జనవరిలో మమ్మల్ని యార్డుకు తీసుకెళ్ళి, ప్లాస్టిక్ కవర్ జిప్పు తీసి లోపలికి దూరమన్నారు. లోపల తెల్లటి వెలుతురు, ఊపిరి పొగలు. చుక్కాని ముందు ఒక్కో అట్టనూ టేపుతో అంటించి, ఆంటీని కోటు, గ్లోవ్స్‌తో నిలబెట్టారు.

"లోతు ఎంతుంది చెప్పు."

"అట్టముక్కలో లోతేందండీ?"

"అంకె కనిపిస్తాందా లేదా?"

"కళ్ళజోడు పెట్టుకుంటే కనిపిస్తాంది."

"కళ్ళజోడు నీళ్ళలో పడిపోయింది."

"అయ్యో, ఎప్పుడు?" అని ఆంటీ నిజంగానే కిందికి చూశారు. నేను నవ్వాపుకోలేకపోయాను. చిన్న తెర ఆ రోజుతో పోయింది.

టచ్ స్క్రీన్ పోయిన రోజు ఇంకా బాగా గుర్తుంది. పడవల సామాన్ల షాపుకు వెళ్ళాం. అన్నీ వెలుగుతూ, ఫోన్లలా నున్నగా ఉన్నాయి. అంకుల్ చుట్టూ చూసి, కోటు జేబులోంచి ఆంటీ మొక్కలకు నీళ్ళు కొట్టే స్ప్రే బాటిల్ తీశారు. షాపాయన నోరు తెరిచేలోపే అన్నింటి మీదా కొట్టేశారు.

"Sir! Sir, what are you doing?"

"Rain," అన్నారు అంకుల్. ఆంటీ వైపు తిరిగి, "ఊఁ, ఇప్పుడు మ్యాప్ పెద్దది చెయ్యి," అన్నారు.

ఆంటీ ఉన్ని గ్లోవ్స్‌తో తడిమారు. నీటిచుక్కలకు మ్యాప్ తనంతట తానే ఎక్కడికో జారిపోయింది. మిషిగన్ పోయి కెనడా వచ్చింది. పక్కనున్న ఒక్క యంత్రానికి మాత్రం తెరతో పాటు బటన్లు, తిప్పే నాబ్ ఉన్నాయి. ఆంటీ నాబ్ తిప్పారు, మ్యాప్ పెద్దదయింది. "ఇది నా మిక్సీ మాదిరి ఉండాది," అన్నారు. అంతే, అదే కొన్నారు. షాపాయన టిష్యూ కాగితాలు తెచ్చి తుడుస్తూ, చివరికి తానే నవ్వాడు. "షాపులో బాగుండేది నాకేంటికి? వానలో బాగుండాల," అని అంకుల్ ఇంటికి వచ్చేదాకా అంటూనే ఉన్నారు.

రాడార్ దగ్గర మళ్ళీ మోకాలు ఊగింది. మ్యాప్ ఉండగా అదెందుకని ఆంటీ అడిగారు.

"మ్యాప్ ఎప్పుడో గీసింది. రాడార్ ఇప్పుడు ముందర ఏముందో చూపిస్తాది."

పెద్ద ఓడలు తమ పేరూ దారీ రేడియోలో తామే చెప్పుకుంటాయి, చేపలు పట్టే చిన్న పడవలు ఏమీ చెప్పవు, పొగమంచులో భయపడాల్సింది వాటికే అని వివరించారు. అయితే ఆ గుండ్రటి డబ్బాను ఎక్కడ పెట్టాలి? తెరచాప కొయ్య పైన పెడితే దూరం కనిపిస్తుంది. వెనక స్తంభం మీద పెడితే అంత దూరం కనిపించదు, కానీ బరువు కింద ఉండి పడవ తక్కువ ఒరుగుతుంది. వారాల తరబడి పైనా, వెనకా, పైనా. ఒక రోజు ఆంటీ పప్పులో తాలింపు వేస్తూ, "దూరం నాకేంటికండీ? పక్కనుండేది కనిపిస్తే చాలు," అన్నారు. అంకుల్ తిరగడం ఆపేశారు. రాడార్ వెనక స్తంభం మీదికి చేరింది.

అన్నీ బిగించాక ఒక రోజు ఏదీ సరిపోలేదు. మ్యాప్‌లో ఒడ్డు ఒక చోట ఉంటే, దాని మీద పరుచుకోవాల్సిన రాడార్ బొమ్మ పక్కకు తిరిగి ఇంకో చోట ఉంది. అంకుల్ వైర్లన్నీ విప్పి మళ్ళీ కట్టారు. బిగించిన అబ్బాయిని తిట్టుకున్నారు. తర్వాత తనను తాను తిట్టుకున్నారు. నేను మాన్యువల్ చదువుతున్నాను. దిక్కు చూపే సెన్సర్‌కు దగ్గరలో అయస్కాంతం ఉండకూడదన్న వాక్యం దగ్గర ఆగాను. సెన్సర్ పడవ లోపల సీటు కింది అరలో ఉంది. అర తలుపు తెరిచి చూస్తే, సెన్సర్ పక్కనే ఇనప పట్టీకి అతుక్కుని వినాయకుడు. ఆంటీ తన కారు డ్యాష్‌బోర్డు మీది నుంచి తెచ్చి, కొత్త మిషన్‌కు మంచి జరగాలని పెట్టిన మ్యాగ్నెట్ వినాయకుడు.

అంకుల్ వంగి చూశారు. "విఘ్నాలు తీసేసే ఆయన్నే తెచ్చి అడ్డం పెట్టినావు కదే!"

"దేవునికి ఏం తెలుసు మీ వైర్లు యాడుండేది? మీరు చెప్పాల," అన్నారు ఆంటీ, ఏమాత్రం తగ్గకుండా.

మ్యాగ్నెట్ ఊడదీసి, జిగురు టేపుతో వినాయకుణ్ణి చుక్కాని దగ్గర చెక్క మీద అంటించారు. రాడార్ ఒడ్డు వచ్చి మ్యాప్ ఒడ్డు మీద కూర్చుంది. అంకుల్ ఆంటీ నెయిల్ పాలిష్ అడిగి తీసుకుని, ఇంటికి దారి చూపే బటన్ మీద ఎర్రటి చుక్క పెట్టారు.

నిరుడు జూన్‌లో, ముగ్గురం వెళ్ళిన రోజు, పొగమంచు పడింది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, అంతలో లేదు. అంకుల్ తెరచాప దించి, ఇంజన్ వేసి, చుక్కాని ఆంటీకి ఇచ్చారు. వెళ్ళి మూలనున్న నీలం కుషన్ మీద కూర్చున్నారు.

"ఇప్పుడు నేను లేననుకో."

"అట్లాంటి మాటలు నీళ్ళ మీద అనద్దండి."

"నువ్వే కదా అడిగినావు. లేననుకో. ఏం చేస్తావు?"

ఆంటీ కోపంగా ఎర్ర చుక్క నొక్కారు. తెర మీద మా పడవ నుంచి ఒక గీత బయల్దేరి, పడవలు కట్టేసే మరీనా దాకా వెళ్ళింది. నన్ను ముందు కొసకు వెళ్ళి నిలబడి ఏం కనిపిస్తే అది చెప్పమన్నారు. నేను రెండుసార్లు "ఏమీ లేదు" అన్నాను. వెనక నుంచి అంకుల్, "పాపా, లేనోడికే వినపడలేదు. ఉన్నోళ్ళకేం వినపడతాది? గట్టిగా అరువు!" అన్నారు. అప్పుడు అరిచాను. నా గొంతు అంత ఉందని నాకు తెలియదు.

కాసేపటికి ఆంటీ, "కుడి పక్క ఎర్రగా ఏదో వస్తాంది," అన్నారు. దగ్గరికి వచ్చేదాన్ని ఆ రాడార్ ఎర్రగా చూపిస్తుంది. అంకుల్ సగం లేచారు. ఆంటీ తెర మీంచి కళ్ళు తీయలేదు. "మీరు కదలకండి," అన్నారు. ఆయన కూర్చుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకున్నారు. ఆంటీ వేగం తగ్గించి, హారన్ కొట్టారు. తెల్లటి పొగలోంచి చిన్న చేపల పడవ ఒకటి బయటికి వచ్చింది. అందులోని మనిషి కాఫీ కప్పు ఎత్తి చూపించి, మళ్ళీ పొగలోకి వెళ్ళిపోయాడు. మేము మరీనా చేరేదాకా అంకుల్ చేతులు తొడల కిందే ఉన్నాయి.

ఇంటికి కారు నేను నడిపాను. అంకుల్ వెనక సీట్లో నిద్రపోయారు. ఎక్కడా ఊపు లేదు. ఆయన్ని అంత నిశ్చలంగా చూడటం నాకు అదే మొదటిసారి. రెండోసారి ఈ ఏప్రిల్‌లో, ఫ్యునరల్ హోమ్‌లో.

కార్యక్రమాలు అయ్యాక వాళ్ళ అమ్మాయి సియాటిల్ తిరిగి వెళ్ళింది. అక్కడి నుంచి రోజూ ఫోన్ చేసేది. "అమ్మా, please, బోట్ అమ్మేద్దాం. నువ్వు ఒక్కదానివి, నాకు భయం వేస్తాది." ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు. నాకూ భయంగానే ఉంది.

"అమ్మేటప్పుడు అమ్ముదాంలే," అన్నారు ఆంటీ. "ముందు దాన్ని దాని చోట కట్టాల."

పడవను యార్డులో నీళ్ళలోకి దించుతారు. అక్కడి నుంచి మరీనాకు సరస్సు మీదుగానే వెళ్ళాలి. ఎవరినైనా పిలుద్దామా అని అడిగాను. ఆంటీ గ్లోవ్స్ వెతుక్కున్నారు. ఇల్లంతా రెండుసార్లు తిరిగారు, ఫ్రిజ్ తెరిచి మూశారు. అవి ఆమె కోటు జేబులోనే ఉన్నాయి.

మొన్న ఆదివారం వెళ్ళాం. గట్టి పొగమంచేమీ కాదు. నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయినంత మసక. ఆంటీ వినాయకుడికి దణ్ణం పెట్టి, ఎర్ర చుక్క నొక్కారు. నేను ముందు కొసకు వెళ్ళి, ఏమీ లేదని గట్టిగా అరిచాను. ఇంజన్ శబ్దం తప్ప ఇంకేం లేదు. సగం దూరం వచ్చాక ఎక్కడో పెద్ద ఓడ వెళ్ళినట్టుంది. ఓడ కనిపించలేదు కానీ దాని అల వచ్చి మమ్మల్ని పక్క నుంచి తాకింది. వెనక్కి తిరిగి చూశాను. పడవ ఒరిగింది. మూలనున్న నీలం కుషన్ మెల్లగా జారడం మొదలుపెట్టింది.

"మీరు కదలకండి," అన్నారు ఆంటీ, తెర మీంచి కళ్ళు తీయకుండా.