దసరా దాటిన విల్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో దసరా అంటే బడిపిల్లల పండగ. కొత్త బట్టలు కట్టుకుని, చేతిలో విల్లు పట్టుకుని, పంతులుగారి వెంట వరసగా ఇంటింటికీ వెళ్లేవాళ్లం. ఆ విల్లుకు తగిలించిన బాణం ఎక్కడికీ పోయేది కాదు. దాని కొసన చిన్న దొప్ప ఉండేది. అందులో బంతిపూల రేకులు నింపి తాడు లాగి వదిలితే, రేకులన్నీ ఎగిరి ఆ ఇంటి యజమాని మీద పడేవి. మేం పద్యాలు పాడేవాళ్లం. వాళ్లు మాకు పప్పు బెల్లాలూ, పంతులుగారికి బియ్యమో పంచెల చాపో ఇచ్చేవాళ్లు. ఏడాది పొడవునా చదువు చెప్పినందుకు వీధిబడి పంతులుకు ముట్టేది చాలావరకు ఆ పండక్కే.

ఆ పంతులుగారు మా నాన్నగారు. కడియానికి దిగువన కాలువ గట్టున ఉన్న మా ఊళ్లో, మా ఇంటి వీధి అరుగే బడి. నాన్నగారికి తొందరనేది తెలియదు. ఒక అక్షరం ఇసుకలో కుదురుగా వచ్చేదాకా రెండో అక్షరం చెప్పేవారు కాదు. పిల్లాడు తప్పు రాస్తే బెత్తం తీసేవారు కాదు. ఇసుక చదును చేసి, వాడి వేలు పట్టుకుని మళ్లీ మొదటినుంచీ రాయించేవారు. అందుకని ఊళ్లో ఆయన్ని వేళాకోళం చేసేవాళ్లు. "ఈయన దగ్గర గుణింతం పూర్తయ్యేసరికి కుర్రోడికి మీసాలొచ్చేత్తాయండి" అని రేవులో నవ్వుకుంటుంటే నేను చాలాసార్లు విన్నాను. విని, తల తిప్పుకుని వచ్చేసేవాణ్ణి. వాళ్ల మీద కోపం రావలసింది పోయి, నాకు నాన్నగారి మీద వచ్చేది.

ఆ రోజుల్లోనే పక్క ఊళ్లో కొత్త బడి పెట్టారు. అక్కడ కూర్చోవడానికి బల్లలున్నాయని, ఇంగ్లీషు అక్షరాలు కూడా చెబుతారని చెప్పుకునేవాళ్లు. మా ఊళ్లో మోతుబరి రైతు ఒకాయన ఉండేవారు. అందరూ ఆయన్ని కామందుగారనే పిలిచేవాళ్లు. ఆయన మనవళ్లిద్దరూ మా అరుగు మీదే చదువుకునేవాళ్లు. వాళ్లను కొత్త బడికి మార్చాలా వద్దా అని ఆయన ఊగిసలాడుతున్నారట. ఈ మాట అమ్మ పక్కింటి అత్తయ్యతో అంటుంటే విన్నాను. కామందుగారి మనవళ్లు వెళితే మిగతా రైతుల పిల్లలూ వాళ్ల వెనకే వెళతారు. అప్పుడు మా అరుగు ఖాళీ అయిపోతుందని అమ్మ బెంగ.

విల్లు ఎవరిది వారే చేసుకోవాలన్నది నాన్నగారి బడిలో పద్ధతి. శ్రావణ మాసం రాగానే, గాలికి పడిపోయిన పోకచెట్టు మానును ఎవరి తోటలోనో అడిగి తెచ్చేవారు. దాన్ని నిలువునా బద్దలుగా చీల్చి తలా ఒకటి ఇచ్చేవారు. లోపలి మెత్తటి భాగం గీకేసి, పైనున్న గట్టి చెక్కను మాత్రం ఉంచుకోవాలి. దాన్ని ఎండలో పెట్టకూడదు, నీడన ఆరనివ్వాలి. ఆరుతున్నకొద్దీ రోజూ రవ్వంత వంచి, తాడు బిగించి, మళ్లీ వంటింటి అటక మీద పెట్టాలి. మర్నాడు ఇంకో రవ్వంత. ఇందులో కష్టపడవలసిందేమీ లేదు, ఊరికే ఆగాలి. అదే నాకు చేతకాలేదు.

మొదటి బద్దను వారం తిరక్కుండానే అందరికంటే ముందు విల్లు చేసి చూపించాలని మోకాలికి ఆనించి వంచాను. ఫెళ్లున విరిగింది. నాన్నగారు విరిగిన ముక్కలు తీసి చూసి, ఇంకో బద్ద ఇచ్చారు. రెండోదాన్ని గబగబా ఆరబెడదామని, అమ్మ చూడకుండా పొయ్యి దగ్గర పెట్టాను. పైకి బాగానే ఆరినట్టు కనిపించింది. తాడు కట్టేసరికి నడిమధ్యన నెర్రె విచ్చి, చేతిలోనే రెండయింది. అమ్మ నన్ను తిట్టింది, పొయ్యిలో పడి ఇల్లు తగలబడి ఉంటే ఏం చేసేవాడివని. నాన్నగారు మాత్రం మళ్లీ తోటకు వెళ్లి మూడో బద్ద తెచ్చారు. అప్పటికి భాద్రపదం సగం గడిచింది. ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. గోడలే చెమ్మగిల్లుతుంటే బద్ద ఎక్కడ ఆరుతుంది? మిగతా పిల్లలంతా తమ విల్లులకు రంగు కాగితాలు అంటించుకుంటుంటే, నా బద్ద అటక మీద పచ్చిగానే పడి ఉంది.

పండగ ముందురోజు నేను అన్నం తినకుండా మూల కూర్చున్నాను. ఎలాగోలా దాన్ని వంచి కట్టి ఇమ్మని నాన్నగారిని బతిమాలాను. అమ్మ కూడా నా తరఫునే మాట్లాడింది. "ఈ ఒక్కపూటకీ ఎలాగో కట్టి ఇచ్చెయ్యండి. అయ్యవారి కొడుకు ఉత్త చేతులతో వస్తే ఊరంతా ఏమనుకుంటుందండీ?" అంది. నాన్నగారు అటక మీంచి బద్ద దించి, వేళ్లతో నొక్కి చూశారు. "ఇంకా తడి ఉందే. ఇప్పుడు కడితే రేపే విరుగుతుంది. ఇది కూడా విరిగితే వీడు ఇంక విల్లు జోలికి పోడు" అని తిరిగి పైన పెట్టేశారు. ఆయన మాట నాకు ఎక్కలేదు. నన్ను ఊరి ముందు చిన్నబుచ్చడానికే ఇలా చేస్తున్నారనుకున్నాను.

మర్నాడు వరసలో ఉత్త చేతులతో నడిచాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు వెనక కట్టుకున్నాను, కాసేపు ఉత్తరీయంలో చుట్టుకున్నాను. ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న, నీ విల్లేదని. అడిగినవాళ్లందరికీ నాన్నగారు ఒకే జవాబు చెప్పారు, ఇంకా ఆరలేదండి అని. పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. చివరికి కామందుగారి ఇంటికి వెళ్లాం. ఆయన మండువాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు, చుట్టూ బంధువులు. మనవళ్లిద్దరూ పూలు చల్లారు. ఆయన మురిసిపోయి, తల దులుపుకుని, నా వైపు చూశారు.

"ఇదేంటండీ అయ్యవారూ, కుర్రోళ్లందరికీ విల్లులున్నాయి, మీవోడి చేతిలో ఏదండీ?"

"ఇంకా ఆరలేదండి. ఆరాక తీసుకొస్తామండి," అన్నారు నాన్నగారు.

కామందుగారు బంధువుల వైపు తిరిగి నవ్వారు. "చూశారా, సొంత కొడుకు విల్లే పండక్కి అందలేదు. ఇంక మా వాళ్ల చదువులు ఎప్పటికి అందుతాయండీ?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాన్నగారి చెవులు ఎర్రబడటం నేను చూశాను. చూసి, జాలిపడలేదు. ఆయన ఇలాంటివారు కాకపోతే మనకీ అవమానం ఉండేది కాదు కదా అనుకున్నాను. ఆ క్షణంలో ఆయన మా నాన్నగారు కాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఇది ఇన్నేళ్లలో నేనెవరికీ చెప్పలేదు.

దసరా వెళ్లిన కొద్ది రోజులకే కామందుగారి మనవళ్లు కొత్త బడికి మారిపోయారు. వాళ్ల వెనకే ఇంకొందరు. అరుగు మీద సగం చోటు ఖాళీ అయింది. అమ్మ కళ్లు ఒత్తుకుంది. నాన్నగారు మిగిలిన పిల్లల్ని ముందుకు జరిపి కూర్చోబెట్టి, ఎప్పటిలాగే ఇసుక చదును చేశారు. నేను ఆయనతో సరిగా మాట్లాడటం మానేశాను. అటక వైపు కూడా చూడలేదు. అయినా రోజూ పొద్దున్నే ఆయన నన్ను పిలిచి, బద్ద నా చేతికి ఇచ్చేవారు. నేను మొహం ముడుచుకుని రవ్వంత వంచేవాణ్ణి. ఆయన తాడు బిగించేవారు. ఇంక పండగే లేదు, ఇదెందుకని నేను గొణిగినా వినిపించుకునేవారు కాదు.

కార్తీకంలో ఎండలు తేరుకున్నాక ఒక ఉదయం బద్ద వంచితే నా చేతికి ఎదురు చెప్పకుండా వంగింది. తాడు వదిలితే చక్కగా వెనక్కి వచ్చింది. నాకు తెలియకుండానే మళ్లీ లాగాను, మళ్లీ వదిలాను. దాని నునుపు, ఆ తాడు పలికే పలుకు ఇప్పటికీ నా వేళ్లకు గుర్తున్నాయి. నాన్నగారు నాలుగు బంతిపూలు కోసి రేకులు ఉత్తరీయం కొంగున మూటగట్టుకున్నారు. చెప్పులు వేసుకుని, "పద, కామందుగారికి మాటిచ్చాం కదా" అన్నారు.

దసరా దాటిపోయి ఎన్నాళ్లో అయింది. పొలాల్లో కోతలకు కొడవళ్లు నూరుకుంటున్నారు. ఇప్పుడు విల్లు పట్టుకుని వీధిలో నడిస్తే పిచ్చివాళ్లనుకోరూ? రానంటే రానని ఏడ్చాను. ఆయన బలవంతం చెయ్యలేదు, వీధిలోకి దిగి నిలబడ్డారంతే. చివరికి నేనే కదిలాను. కానీ ఆయన పక్కన నడవలేదు. బాగా వెనకబడి, విల్లు కాలికి ఆనించి దాచుకుంటూ, తల దించుకుని నడిచాను. అరుగుల మీద ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఏంటండీ అయ్యవారూ, వచ్చే దసరాకి ఇప్పుడే బయల్దేరారా?" అన్నాడొకడు.

కామందుగారు వాకిట్లో పాలేళ్లకు పని పురమాయిస్తున్నారు. మమ్మల్ని చూసి ఆయనకు మొదట అర్థం కాలేదు.

"మా వాడి విల్లు ఆరిందండి. ఆరాక తెస్తామన్నాను కదండీ, తీసుకొచ్చాం," అన్నారు నాన్నగారు.

"దీని కోసమే వచ్చారా అండీ?" అన్నారాయన. ఆ గొంతులో ఈసారి నవ్వు లేదు.

నాన్నగారు కొంగు విప్పి దొప్పలో రేకులు నింపారు. విరుగుతుందేమోనని కళ్లు మూసుకుని లాగి వదిలాను. విరగలేదు. పసుపు రేకులు ఎగిరి ఆయన తలపాగా మీదా, భుజాల మీదా పడ్డాయి. పాలేళ్లు పని ఆపి చూశారు. కామందుగారు విల్లు అడిగి తీసుకుని, రెండుసార్లు వంచి చూసి, నాకు తిరిగి ఇచ్చారు. "బాగా కుదిరింది," అన్నారు. తర్వాత నాన్నగారి మొహం చూడకుండా, "మనవళ్లు అక్కడ అలవాటు పడ్డారండి. ఇంక మార్చలేనండి," అన్నారు.

"ఆయ్, మార్చకండి. మంచి బడేనంట కదండీ. బాగా చదువుకోనివ్వండి," అన్నారు నాన్నగారు. దండం పెట్టి వెనక్కి తిరిగారు. నా లోపల మాత్రం ఏదో కూలబడింది. విల్లు చూసి కామందుగారు మనసు మార్చుకుంటారని, ఆ వాకిట్లో నిలబడిన కాసేపట్లోనే నేను ఆశ పెట్టేసుకున్నాను.

తిరిగి వస్తూ కాలువ గట్టు మీద ఆయన కాసేపు కూర్చున్నారు. పడవ ఒకటి తెరచాప దించుకుని మెల్లగా వెళుతోంది. నేను అడిగాను, మీకు సిగ్గెయ్యలేదా నాన్నగారూ అని.

"ఎందుకు వెయ్యదురా? దసరానాడు వేసింది. ఇవాళ అంతకంటే ఎక్కువ వేసింది," అన్నారు. "ఆగితే అది విల్లు అవుతుందని నీకు నమ్మకం కుదరాలి. నాకు అంతకంటే వేరే దారి తెలియలేదు."

ఆయనకు సిగ్గేస్తుందని అంతవరకూ నాకు తోచనే లేదు. ఆయన చర్మం మందమనుకున్నాను. తలెత్తి చూస్తే ఆయన కళ్లు తడిసి ఉన్నాయి, బడి పోతున్న బెంగ ఆయనకూ ఉంది. నేను ఆయన కొంగున మిగిలిన రేకులు దొప్పలో పోసి, తాడు లాగి ఆయన మీదికి వదిలాను. ఆయన ఉలిక్కిపడ్డారు. "నా మీదెందుకురా, నేనేమిచ్చుకోగలను?" అని నవ్వబోయి, నవ్వలేకపోయారు. రేకులు దులుపుకోకుండానే ఇంటికి వచ్చారు.

ఓపిక నాకు ఒంటబట్టిందని చెప్పుకోను. ఇప్పటికీ కాఫీ ఆలస్యమైతే నా గొంతు వీధి చివరిదాకా వినపడుతుందని ఇంట్లో ఆడిపోసుకుంటారు. కానీ మనవడు అక్షరం దిద్దలేక తంటాలు పడుతుంటే చెయ్యి ఎత్తబోయి, ఆ రోజు గుర్తొచ్చి, చెయ్యి దించేస్తాను. అప్పుడు ఒళ్లంతా సిగ్గుతో కుంచించుకుపోతుంది. ఊరంతా చూస్తుండగా మా నాన్నగారికి అంత దూరంలో, ఆయనెవరో నాకు తెలియనట్టు నడిచింది నేనే కదా. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి తొందరగా రమ్మనలేదు. వీధి మలుపు తిరిగిన ప్రతిచోటా, వాళ్లంతా నవ్వుతుంటే, నేను వచ్చేదాకా ఆగి నిలబడ్డారు.