నేలకిచ్చిన బొట్టు

కంసాలి కొట్టు ఖాళీ చేస్తే కుంపటి, పట్టకార్లు, తక్కెడతో పాటు నేలను కూడా తీసుకుపోతాడు. ప్రొద్దుటూరులో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆకురాయి పెట్టినప్పుడల్లా బంగారం పొడి రాలుతుంది. ఎంత ఒడిసిపట్టినా కొంత జారిపోయి ఇటుకల సందుల్లోకి, పీట కిందికి, గడప మూలల్లోకి దిగుతుంది. అందుకే ఖాళీ చేసే రోజున జానెడు లోతు నేల పెకలించి, ఆ ఇటుకా మట్టీ పిండి పట్టించి, ఆసిడ్‌లో కరిగించి, అందులో దాక్కున్న బంగారాన్ని బయటికి రప్పిస్తారు. వినేవాళ్ళకు వింతగా ఉంటుందేమో గానీ మాకు అది బియ్యం డబ్బా అడుగున చేయి పెట్టి తడుముకోవడం లాంటిదే.

మా ఇంట్లో ఆ నేల గురించి మాట్లాడుకున్నంతగా దేవుడి గురించి కూడా మాట్లాడుకోలేదు. దానికి కారణం మా అమ్మ మెడ.

నాకు పెళ్ళి కాకముందు, పులివెందుల దగ్గర చీనీ బత్తాయి తోటల ఆసామి ఒకాయన కూతురి పెళ్ళికి హారం చేయమని పాత బంగారం తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. అప్పుడు నాయనకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. రెండు రోజులు పడుకోవయ్యా అని అమ్మ మొత్తుకుంది. వింటే ఆయన మా నాయన ఎందుకవుతాడు? వణికే చేతులతోనే ఆకురాయి పట్టాడు. హారం అయితే అందంగానే వచ్చింది. తూకం వేస్తే మాత్రం తరుగు పోను ఇంకా చాలా తగ్గింది. ఊడ్చి, కడిగి, పీట దులిపి చూసినా కొంచెమే దొరికింది. మిగిలిందంతా నేల మింగేసింది.

కన్నతల్లి బంగారమైనా కంసాలి దొంగిలించక మానడని లోకం ఎటూ అంటూనే ఉంటుంది. ఆ మాట పడడం కంటే పెన్నలో పడడం మేలనుకునే మనిషి మా నాయన. అమ్మ ముందు పసుపు కొమ్ము దారానికి కట్టి మెడలో వేసుకుంది. ఆ తర్వాతే పాత సూత్రం విప్పి, రెండు తాళిబొట్లూ ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది.

"నీకు గాదు నేనిచ్చేది. నేలకిస్తాండా. నా బొట్టు నీ కొట్టు నేలలో ఉండాది. ఎప్పుడో ఒకనాడు నేలే నాకిస్తాది" అంది.

ఆ బొట్లు కరిగి హారంలో కలిసిపోయాయి. ఆసామి సంతోషంగా వెళ్ళిపోయాడు. అమ్మ మెడలో పసుపు కొమ్మే మిగిలింది. తర్వాత చేతిలో కాస్త దుడ్లు ఆడినప్పుడు నాయన కొత్తవి చేస్తానన్నాడు. "నాది నేలలో పెట్టుకొని కొత్తది నాకెందుకయ్యా?" అనేది. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. ఊళ్ళో ఎంతమంది ఆడపిల్లల మెడల్లో మా నాయన చేసిన బొట్లున్నాయో లెక్కలేదు. ఆయన పెళ్ళానికి మాత్రం పచారీ కొట్లో దొరికే పసుపు కొమ్ము. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

నాకు పెళ్ళై పులివెందులకు వెళ్ళాక కూడా, పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆటపట్టించేదాన్ని. "అమ్మా, నీ బ్యాంకు ఎట్లుండాది?"

"నీ మొగుని బ్యాంకు కంటే గట్టిగా ఉండాది పోవే" అనేది. శుక్రవారం స్నానం చేసి, కొమ్ముకు కుంకుమ పెట్టి, కొట్టు ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించేది. దేవుడి పటం ఇటు పక్కన ఉంటే ఆమె అటు పక్కకు దండం పెట్టేది. చూసి నవ్వేవాళ్ళం.

నవ్వులన్నీ పోయిన ఏడాదితో అయిపోయాయి. అమ్మ కాళ్ళకు నీరు వచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జమ్మలమడుగులో పెద్ద డాక్టరుకు చూపించాం. గుండె బాగా అలిసిపోయిందమ్మా, ఇక మందులతో తిరిగి రాదు, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టండి అని మొహం మీదే చెప్పాడు. తిరిగి వచ్చే బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నేను మొహం అటు తిప్పుకుని ఏడుస్తుంటే మోచేత్తో పొడిచింది.

"ఏడుపు తర్వాత. మీ నాయనకు చెప్పు, నేల పెరకమని. ఒక్క దినమన్నా నా బొట్టు నా మెడలో ఏసుకోనీ. కొమ్ముతో పంపీయొద్దండి నన్ను."

ఆమె అడిగింది అదొక్కటే. పట్టుచీర అడగలేదు, తిండి అడగలేదు.

కలిసిరావడం అంటే అదేనేమో అనుకున్నాను అప్పుడు. అదే నెలలో కొట్ల వరస యజమాని అందరినీ ఖాళీ చేయమన్నాడు. పాతవన్నీ పడగొట్టి కాంప్లెక్స్ కడతాడట. ఎటూ నేల తీయాల్సిందే. నేను పులివెందుల నుంచి సంచి సర్దుకుని వచ్చేశాను. కానీ నాయన కదలడే! అమావాస్య పోనీ అన్నాడు. వానొచ్చింది, ఇటుకలు ఆరనీ అన్నాడు. మా కులగురువు మఠానికి పోయి స్వామికి దండం పెట్టుకొని వచ్చి మొదలుపెడతా అన్నాడు. పోయి వచ్చాడు, అయినా మొదలుపెట్టలేదు. పొద్దున్నే కొట్టుకు పోవడం, ఆ ఉత్త కుంపటి ముందు కూర్చోవడం, మన్ను తిన్న పాములా ఇంటికి రావడం. ఇన్నేళ్ళు కూర్చున్న చోటు మీద మమకారం కాబోలని మొదట జాలిపడ్డాను. తర్వాత నాకు ఒళ్ళు మండింది.

"నాయనా, ఆమెకు టైము శానా ఉండాదనుకుంటాండావా? నువ్వు పెరుకుతావా, నన్ను గడ్డపార పట్టమంటావా?"

ఆయన నా వైపు చూడకుండా, "పట్టుపో పాపా" అన్నాడు.

సరేనని మట్టి కడిగే భాయ్‌ని నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. పెన్న ఒడ్డు వైపు రేకుల షెడ్డు ఆయనది. ఊళ్ళో కంసాలి కొట్ల చెత్త, చీపుళ్ళు, పాత కుంపటి బూడిద అన్నీ ఆయన దగ్గరికే పోతాయి. వాళ్ళన్న కువైట్‌లో ఉన్నాడు, ఈయన మాత్రం ఈ పొగలోనే ఉండిపోయాడు. మాటకారి. "అక్కా, మీ నాయన కూర్చున్న నేలంటే నాకు కండ్లు మూసుకొని కొనేసే నేల" అన్నాడు. నేను అమ్మేది లేదన్నాను, కూలి ఇస్తాను, వచ్చింది వచ్చినట్టు మాకు కావాలన్నాను.

ఇటుకలు పెకలించి ఆటోలో వేసుకుపోయాం. నాయనా మా వెంట వచ్చాడు. షెడ్డులో వాటిని కాల్చి, పగలగొట్టి, కారప్పొడి మర లాంటి మరలో మెత్తగా పట్టారు. ఇనప తట్టల్లో నీళ్ళు పోసి తిప్పి తిప్పి తేలిక మట్టిని వంచేశారు. మిగిలిన బరువు పొడిని పింగాణీ బేసిన్లలో పోసి, మొదట ఒక ఆసిడ్ పోశాడు భాయ్. గోధుమరంగు పొగ లేచింది. ఒకటే దగ్గు. ఈ ఆసిడ్ రాగినీ వెండినీ కరిగిస్తుంది, బంగారాన్ని ముట్టుకోదు అని చెప్పాడు.

బేసిన్‌లో నీళ్ళు పచ్చగా, ముదురు నీలంగా తిరిగాయి. చూడ్డానికి నెమలి మెడ లాగా బాగానే ఉంది.

"రాగి శానా ఉండాదే మామా. ఈ మధ్య ఏం పని చేస్తాంటివి?" అన్నాడు భాయ్.

"వన్ గ్రామ్ పని గదప్పా. షోరూములొచ్చినంక మాకు బంగారం యాడ తెచ్చిస్తారు ఎవరన్నా?" అన్నాడు నాయన.

నాకు అది కొత్త వార్త. ఇంట్లో ఎప్పుడడిగినా ఫలానా వాళ్ళ గాజులు, ఫలానా వాళ్ళ గొలుసు అనే చెప్పేవాడు. రాగి మీద బంగారం నీళ్ళు పట్టించే పని చేస్తున్నానని చెప్పుకోలేదు. సరే, నామోషీ పడి ఉంటాడు, పాత రోజుల బంగారం అడుగున ఉంటుంది కదా అనుకున్నాను.

ఆ పచ్చనీళ్ళు వంచేసి, మిగిలిన పొడి మీద రెండు ఆసిడ్లు కలిపి పోశాడు. బంగారాన్ని కరిగించేది అదొక్కటే. కరిగితే నీళ్ళు పసుపుపచ్చగా తిరుగుతాయి. అందులో అన్నభేది అనే పచ్చటి ఉప్పు కలిపితే కరిగిన బంగారం కాఫీపొడి లాగా అడుక్కు దిగుతుంది. దాన్ని మూసలో పెట్టి కరిగిస్తే ముద్ద. ఇదంతా భాయ్ చెబుతూనే ఉన్నాడు, నేను బేసిన్ మీదికి వంగి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి అంచుల దగ్గర రంగు మారింది. చిక్కటి పసుపు!

నేను ఆగలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఫోన్ తీసి ఇంటికి కొట్టేశాను. "అమ్మా, పసుపు వచ్చింది! నీ బొట్టు వచ్చేసింది!" అని అరిచాను. అవతల అమ్మ ఆయాసం వినపడింది. తర్వాత మెల్లగా, "దారం నానేస్తా" అంది.

"అప్పుడే ఎందుకు చేసినావక్కా?" అన్నాడు భాయ్, మొహం అదో రకంగా పెట్టి. "ఇటుకలో ఇనుముంటాది. అది గూడా పసుపే ఇస్తాది. అన్నభేది ఏసిందాంక ఏం చెప్పేకి లేదు."

నాయన వైపు చూశాను. గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

భాయ్ నీళ్ళు వడగట్టి, మిగిలిన ఆసిడ్ చావడానికి యూరియా వేసి, అన్నభేది కలిపాడు. కర్రతో తిప్పాడు. కూర్చున్నాం. టీ తెప్పించాడు. తాగాం. మళ్ళీ తిప్పాడు. నీళ్ళు అలాగే ఉన్నాయి. అడుగున ఏమీ దిగలేదు. బేసిన్ వంచి ఎండకు పెట్టి చూస్తే గోరు అంచుకు అంటేంత మరక. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మాకు ఆ ఎలుక కూడా దొరకలేదు. భాయ్ మిగిలిపోయిన ఇటుక ముక్క ఒకటి తీసి విరిచి, లోపల వేలితో రుద్దాడు.

"మామా, ఇది పాతిటుక గాదు. ఎప్పుడు పరిచినావు దీన్ని?"

నాయన జవాబు నాకు చెప్పాడు, భాయ్‌కి కాదు.

"కరోనా అప్పుడు పాపా. కొట్లన్నీ మూసేసిరి. ఇంట్లో గింజ లేకుండె. ఎవరూ తిరగకుండిరి గదా అని నేలంతా పెరికి జమ్మలమడుగులో మట్టి కొనేటాయనకు అమ్మేసినా. కొత్తిటుక పరిచి మసి పూసినా. ఆ రెండేండ్లూ మీయమ్మా నేనూ తినింది ఏందనుకుంటాండావు?"

"మరి ఇన్ని దినాలు నోట్లో నాలుక లేదా నీకు? ఇంతమందిమి తవ్వుతాంటే చూస్తా కూర్చున్నావే!"

"ఈ అయిదేండ్లలో కొంచెమన్నా రాలింటాదేమో అనుకున్నా. ఒక్క బొట్టుకన్నా రాదా అనుకున్నా."

ఆశ ఆయనకూ ఉందన్నమాట. అది తెలిసి నాకు కోపం తగ్గలేదు, పెరిగింది. ఇష్టమొచ్చినట్టు తిట్టాను. భాయ్ కూలి వద్దన్నాడు. అది ఇంకా మంటగా ఉండింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. పళ్ళెంలో పసుపు నీళ్ళు, అందులో కొత్త దారం. చేతులంతా పసుపు. ఆ చేతులు చాచింది.

చెప్పాల్సింది నువ్వే అని నేను గడపలోనే నిలబడ్డాను. నాయన ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చుని చెప్పాడు. ఎప్పుడు పెరికిందీ, ఎవరికి ఇచ్చిందీ, ఏమీ దాచలేదు. "మనం తిన్నాం మే దాన్ని. నువ్వు గూడా తిన్నావు" అన్నాడు చివర.

"తింటే తిన్నాం" అంది అమ్మ. "ఆకలికి తినేదాన్ని నేనొద్దంటానా? నన్నొక మాట అడిగింటే నేనే తీసుకోపో అందును గదయ్యా. నాది గదా అది. నువ్వు అడగలేదే."

కాసేపు ఆయాసపడి మళ్ళీ అంది. "ఇన్నేండ్లు శుక్రవారం శుక్రవారం నేను మొక్కుకునింది ఎవరికి? వట్టి ఇటుకలకా?"

ఒకటి కొనుక్కొస్తానమ్మా, ఎట్లో ఒకట్లా తెస్తాను అన్నాను. వద్దని తల ఊపింది. తర్వాత పళ్ళెంలోంచి దారం తీసి పిండి, పాత కొమ్మే దానికి కట్టుకుని మెడలో వేసుకుంది. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి నాయన పెట్టిన నీళ్ళు తాగింది, మందు మింగింది, మాట మాత్రం మాట్లాడలేదు. కొట్టు దిక్కుకు దండమూ పెట్టలేదు. కొట్టు అప్పటికే కూలగొట్టేశారు కూడా.

నెల తిరగకముందే పోయింది.

మాలో కాల్చరు, పూడ్చిపెడతారు. స్నానం చేయించేటప్పుడు మా పెద్దత్త, కళ్ళు సరిగా కనపడని మనిషి, అమ్మ మెడ దగ్గర తడుముతూ, "బొట్టు తీసి పాప చేతికియ్యండే. బంగారాన్ని మట్టిలో పెట్టకూడదు" అంది. ఆమె చేతికి పసుపు కొమ్ము తగిలింది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఏం లేదత్తా. కొమ్మే. ఉండనీ" అన్నాను.

వాకిట్లో కూర్చున్న నాయనకు ఆ మాట వినపడింది. తల ఎత్తలేదు. అమ్మ పంపీయొద్దన్న కొమ్ముతోనే పంపించాం.