దోసెడు గింజలకు ఒక కోడి పట్టీ

మొన్న రాప్తాడు దగ్గర బస్సు ఆగినప్పుడు మనవడు దిగి ఒక తళతళలాడే పొట్లం కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టాడు. పైన చెనిక్కాయ, అదే వేరుశనక్కాయ బొమ్మ, బెల్లం అచ్చు బొమ్మ, మా జిల్లాలో ఎన్నడూ చూడనంత పచ్చని పొలం బొమ్మ. చించి వాసన చూశాను. బెల్లం వాసన లేదు, వేగిన గింజ వాసన లేదు. కొత్త చెప్పుల పెట్టె తెరిచినప్పుడు వచ్చే వాసన లాంటిదొకటి వచ్చింది. కొరికితే బంకలా పళ్లకు అతుక్కుంది. వెనక అచ్చేసిన చీమ అక్షరాలను కళ్లజోడు ఎత్తి దించి మరీ చదివాను. గ్లూకోజు పాకం, నూనె, ఏవేవో నంబర్లు, చిట్టచివర బెల్లం. చెనిక్కాయ పట్టీలో బెల్లాన్ని చివరి బంతిలో కూర్చోబెట్టినవాణ్ని ఏమనాలి?

మా ఊరు బెళుగుప్పకు రెండు కోసుల దూరం. నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. ఆపైన నా చదువంతా డెబ్బైలలో మా ఊరి ఓబులప్ప తాత పట్టీలు చుట్టి ఇచ్చిన పాత పేపరు ముక్కల మీదే జరిగింది. ప్రతి పొట్లం మీదా చెక్క అచ్చుతో ఎర్రసిరా కోడిపుంజు ఒకటి గుద్ది ఉండేది కాబట్టి వాటిని కోడి పట్టీలనేవాళ్లం. పట్టీ నోట్లో, పేపరు తొడ మీద. కోడి కాళ్ల కింద నక్కిన అక్షరాలను కూడబలుక్కుంటూ పోతే సగం వార్త దగ్గరే కాగితం అయిపోయేది, మిగతా సగం కోసం ఇంకో పట్టీ కావాలనిపించేది.

పొద్దున్నే ఆయన ఇంటి వైపు నుంచి చెనిక్కాయ పొట్టు మంట పొగ, ఇసుకలో వేగే గింజల కమ్మదనం, కాగే బెల్లం ఘాటు ఒకదాని వెంట ఒకటి వీధిలోకి వచ్చేవి. ఆయన భార్య నాగమ్మవ్వ వేగిన గింజలను గోనెసంచిలో పోసి రుద్ది చేటలో చెరుగుతుంటే పలుచని పొట్టు గాలికి లేచి మా తలల మీద వాలేది. తాత పాకం చుక్కను చన్నీళ్ల ముంతలో వేసి, గట్టిపడిన ఉండను ఇత్తడి చెంబుకేసి కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. టంగుమంటేనే దించేవాడు. గింజలు కలిపి, నూనె పూసిన నల్లబండ మీద పోసి, కర్రతో పరిచి, కత్తితో గీతలు గీసేవాడు. చిటికెడు ఉప్పు, చిటికెడు శొంఠి, అంతే. పళ్లు లేని మా అవ్వ ఆ పట్టీని రోట్లో దంచుకుని, పొడిని నాలుక మీద వేసుకుని పూటంతా చప్పరించేది. అంగట్లో నిమ్మతొనల బిళ్లలు, కమ్మరకట్లు దొరికేవి గానీ వాటికి దుడ్లు కావాలి. కోడి పట్టీకి అక్కరలేదు.

దోసెడు గింజలు తెస్తే ఒక పట్టీ. కొలత తెచ్చినవాళ్ల దోసిలే. ఎదిగిన మగపిల్లవాడి దోసిలైనా, నిన్నమొన్న నడక నేర్చిన పిల్ల దోసిలైనా పట్టీ మాత్రం ఒకటే.

"ఈ పిల్ల చేతిలో పది గింజలు గూడా పట్టవు కదప్పా," అని గొణిగేది నాగమ్మవ్వ.

"దాని చేతులు అంతే ఉండాయి. పోయి దేవుణ్ని అడుగు," అనేవాడు తాత.

కోతల తర్వాత పొలాల్లో పరిగె ఏరుకున్న గింజలు ఉన్నన్నాళ్లూ మేమంతా దొరలమే.

ఒక ఏడు మృగశిరలో ఒక వాన పడి ఆగింది. నాయన విత్తనాలు సిద్ధం చేసుకుని రెండో వాన కోసం ఆకాశం చూస్తున్నాడు. నా పరిగె గింజలు ఎప్పుడో అయిపోయాయి. మూలనున్న విత్తనాల సంచి విప్పి చూస్తే గింజలకు ఎర్రటి పొడి అంటి ఉంది. ఏరువాకకు ముందు విత్తనానికి పసుపు కుంకుమ పెట్టి మొక్కడం మా ఇళ్లలో ఆనవాయితీ. అమ్మ పూజ చేసిందనుకున్నాను. దేవుడి కుంకుమ కడగడం తప్పేమోనని లెంపలు వేసుకుని, దోసెడు తీసి, బావి దగ్గర చెంబు నీళ్లతో కడిగి, బండ మీద ఆరబెట్టి తాతకు ఇచ్చాను. బదులుగా ఆయన అంతకుముందే చేసి ఉంచినవాటిలోంచి ఇచ్చిన పట్టీ తిన్నాను. అంతకు ముందు తిన్న ఏ పట్టీ అంత రుచిగా లేదు.

మర్నాడు పొద్దున నాయన ఆ సంచి మూతి కడుతూ అమ్మతో అన్నాడు: "మందు పొడి కలిపిన ఇత్తనం మే ఇది. కోళ్లు ముట్టినా సచ్చిపోతాయి. అటక మింద పెట్టు."

నేను పరుగెత్తాను. మరుసటి రోజు ఏరువాక పున్నమి. పండగ సరుకంతా ఒకేసారి పోసి, బండ మీద తాత అప్పుడే గీతలు గీస్తున్నాడు. పిల్లలు తెచ్చిన గింజలన్నీ కలిసే వేగాయి. నావి ఏవో దేవుడికే తెలియాలి.

"తాతా, నిన్న నేనిచ్చినవి ఇత్తనాలు. మందు కలిపినారంట. నాకు తెల్దు."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "నువ్వు తింటివా వాటిని?"

లేదన్నాను.

"ఒకటి గూడా?"

ఒకటి కూడా లేదన్నాను. అప్పుడు బండ వైపు చూశాడు.

"దోసెడే కదా, కడిగినాడేమో గూడా," అంది నాగమ్మవ్వ. "ఇంట్లో బెల్లమంతా దీంట్లోనే పోస్తిమి. రేపు పండక్కి ఏం పెట్టుకోని కూచుందాం?"

"పున్నమి మళ్లీ ఏడు గూడా వస్తాది లేమ్మే," అన్నాడాయన.

పెరట్లో మోకాలి లోతు గుంత తీశాం. ఇంకా వెచ్చగా ఉన్న పట్టీని పలకలు పలకలుగా విరిచి వేస్తుంటే మట్టిలోంచి కూడా కమ్మటి వాసనే వచ్చింది. కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేసి రాళ్లు పేర్చి, ఆయన చేతులు దులుపుకున్నాడు. "ఎవురి గింజలకు ఏం పూసినారో ఇంక నాకెట్ల తెలుస్తాది? నువ్వు మాత్రం ఈ మాట ఎవురికీ చెప్పాకు. మీ నాయన తోలు తీస్తాడు."

పండగనాడు ఊరంతా ఎద్దుల కొమ్ములకు రంగులు పూసుకుంటే ఆయన పొయ్యి వెలగలేదు. వారం తర్వాత వెలిగించినప్పుడు, గింజలతో వాకిట నిలబడ్డ పిల్లలకు చెప్పాడు: "గింజలు ఇంక తీసుకోనప్పా. దుడ్లు తెచ్చుకోండి." నడక నేర్చిన ఆ పిల్ల మాత్రం దోసిలి విప్పకుండా చాలాసేపు అక్కడే నిలబడింది.

"ముసలోనికి కొవ్వెక్కినాదిరా," అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తాత నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఎవరి వల్ల మానుకున్నాడో చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.

దుడ్లు ఉన్న పిల్లలు మా ఊళ్లో ఎందరని? ఎనభైలు వచ్చేసరికి గుత్తి వైపు నుంచి వచ్చే బస్సులో రంగుకాగితాల చాక్లెట్లు డబ్బాలు డబ్బాలుగా దిగసాగాయి. తాత బెల్లంలో చక్కెర కలిపి చూశాడు, పట్టీని పలుచన చేసి చూశాడు. కోడి అదే గానీ రుచి అది కాదు. నాగమ్మవ్వ పోయిన ఏడు పొయ్యి కూడా ఆరిపోయింది. ఆ నల్లబండ మీద ఇప్పుడు బోరు దగ్గర బట్టలు ఉతుకుతున్నారు.

ఇన్నేళ్లుగా కంపెనీలను తిడుతూనే ఉన్నాను, ఇకముందూ తిడతాను. తిట్టాల్సిన సరుకే అది. కానీ దుడ్లు లేని బిడ్డకు పట్టీ అందకుండా చేసిన మొదటి చెయ్యి ఏ కంపెనీదీ కాదు. మొన్న ఆ బస్సులో, "బాగలేదా తాతా?" అని మనవడు అడిగినప్పుడు, ఎవరికీ చెప్పని ఈ సంగతి వాడికి చెప్పాను. వాడు రెండు అరచేతులూ చేర్చి నా ముందు పట్టాడు.

"నాకూ ఒకటి ఇచ్చేవాడా?"

ఇచ్చేవాడన్నాను. అందులో ఎన్ని గింజలు పడతాయో చూసుకుంటూ, అనంతపురం చేరేదాకా వాడు దోసిలి విప్పలేదు.