ఒంటిపోగు దారం

నలభై ఏళ్ళుగా ఒక మాట గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బెజవాడ వన్ టౌన్‌లో మాది మగ్గాల ఇల్లు. ఓడల మీద వచ్చే సీమ పూసలు రావడం ఆగిపోయింది. నా తోడికోడలు రత్నం తెగిన పాత దండల్లోని గాజుపూసలు, కుంకుడు గింజలు, బందరు గవ్వలు ఏరి, చేతికి పూసల కంకణాలు గుచ్చేది. దారం నేను పేనేదాన్ని. మగ్గం మీద మిగిలిన పోగులు మూడేసి కలిపి పేని, మైనం రుద్దితే ఎంత లాగినా తెగేది కాదు.

కానీ దారాన్ని ఎవరు చూస్తారు? గుమ్మంలో నేను నిలబడి ఉన్నా "రత్నం ఉందా?" అనేవాళ్ళు. "ఎంత మంచి హస్తవాసి!" అని మురిసిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. దారం మా అక్కదేనండీ అని రత్నం అందరికీ చెప్పేది. అది కూడా నామీద జాలిపడి చెబుతున్నట్టే వినిపించేది నాకు. అసూయ అంటే అదే కాబోలు.

జవుళి షావుకారు గారింట్లో పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురికి తల్లి లేదు. ఆ తల్లి మెడలోని పూసలే కంకణంగా గుచ్చమని రత్నానికి ఇచ్చారు. ఆ రోజు నేను పేనిన దారం ఇవ్వలేదు. గంజి పెట్టిన ఒంటిపోగు తీసి, కొసలకు మాత్రం మైనం రాసి ఇచ్చాను. పొడిగా ఉన్నంతసేపూ అది బిగువుగానే ఉంటుంది. తడిస్తే గంజి పోయి పీచుపీచవుతుంది. రత్నానికీ ఆ సంగతి తెలుసు. కానీ నేనిచ్చిన దారాన్ని ఆమె ఏనాడూ లాగి చూడలేదు.

ఎప్పుడో తెగుతుంది, నాలుగు మాటలు పడుతుంది, అంతే అనుకున్నాను. నిజంగా అంతేనా? మంగళస్నానం ఉంటుందని నాకు తెలియదా? తెలుసు.

తల మీద నీళ్ళు పోస్తుండగానే తెగింది. పూసలు తూములోకి పోయాయి. ఆ పిల్ల తడిబట్టలతోనే తూము దగ్గర కూలబడి వెతుక్కుంది. ముత్తైదువలు అపశకునమని ముఖముఖాలు చూసుకున్నారు. ఆ తర్వాత రత్నాన్ని ఏ శుభకార్యానికీ పిలవలేదు.

ఆ రోజు ఇంటికొచ్చాక రత్నం నన్ను అడిగింది.

"అక్కా, దారం గట్టిదేనంటావా?"

"నా దారానికేమొచ్చిందే? నీ ముడే వదులై ఉంటుంది."

తన వేళ్ళకేసి చూసుకుంది. "అంతే అయ్యుంటుందిలే అక్కా."

నన్ను అనుమానించి ఉంటే ఎంత బాగుండేది!

ఏళ్ళ తర్వాత నా కూతురి పెళ్ళి. దాన్ని ఎత్తుకుని పెంచింది రత్నమే. నలుగు పెట్టమని పిలిస్తే, తన చెయ్యి మంచిది కాదంటూ గడప అవతలే నిలబడిపోయింది. నిజం నోటిదాకా వచ్చింది నాకు. వియ్యాలవారు వింటారని మింగేశాను.

కిందటి మాఘంలో రత్నం పోయింది, తన ముడే వదులైందన్న నా మాట నమ్ముకునే పోయింది. ఇక ఎవరిని క్షమించమనను? దారం మార్చింది నేను. కావాలనే మార్చాను. ఇన్నాళ్ళకు ఒక్కరికైనా తెలిసింది.