యాకూబ్ చేసిన కంట్రోలర్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. బీడీఎస్ మొదటి సంవత్సరంలో అనాటమీ హాలు బయట చేతులు కడుక్కుని, ఆ ఫార్మలిన్ వాసనలోనే టిఫిన్ బాక్సు విప్పిన మనిషిని. చచ్చిపోయిన అత్త కల్లోకొచ్చి మాట్లాడిందని పేషెంట్లు చెబుతుంటే, "నోరు జర పెద్దగ తెరువుండ్రి" అని ఆ మాట అక్కడితో ఆపేసేదాన్ని. ఇప్పటికీ నేను మారలేదు. కానీ రెండేళ్ల కింద వానాకాలంలో నా క్లినిక్‌లో జరిగినదానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది చదివాక నా మీద మంచి అభిప్రాయం ఉండకపోవచ్చు.

నాది జనగామలో పంటి దవాఖాన. ముందుగదిలో నాలుగడుగుల గాజు అక్వేరియం ఉండేది. మామూలు రంగు చేపల తొట్టె కాదు. ఉప్పునీళ్లు కలిపి, బతికున్న పగడాలను పెంచే తొట్టె. పగడం అంటే ఉంగరంలో రాయి అనుకుంటారు చాలామంది. అది ప్రాణి. నీళ్ల వేడి రెండు మూడు డిగ్రీలు పెరిగి నాలుగు రోజులు అలాగే ఉంటే చాలు, రంగంతా పోయి ఎముకలా తెల్లబడుతుంది. మా ఊరి ఎండల్లో దాన్ని బతికించి చూపించాలని నాకు పంతం. మొదటి తొట్టె ఒక్క వేసవిలోనే పోయింది.

అందుకని కంట్రోలర్ చేయించాలనుకున్నాను. నీళ్ల వేడి ఎప్పటికప్పుడు చూసుకుంటూ, ఎక్కువైతే చల్లబరిచే చిల్లర్‌ను, తక్కువైతే హీటర్‌ను దానంతటదే వేసే పెట్టె అది. విదేశాల్లో తయారైనవి దొరుకుతాయి కానీ పాడైతే ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు.

యాకూబ్‌కు గూడూరులో చిన్న రిపేరు షాపు ఉండేది. టీవీలు, ఇన్వర్టర్లు చూసేవాడు. నా డెంటల్ కుర్చీ మొరాయించినప్పుడల్లా బండి మీద వచ్చి బాగుచేసి పోయేవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. సముద్రం ఎన్నడూ చూడలేదు. కంట్రోలర్ సంగతి చెప్పిన రోజు తొట్టెలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"నిజంగనే ఉప్పున్నది మేడం. సముద్రం గిట్లనే ఉంటదా?" అన్నాడు.

"చేతులు కడుక్కోకుండా నీళ్లల్ల పెట్టకు" అన్నాను నేను.

నెల రోజులు, ఆదివారాలు వచ్చి చేశాడు. ఒక ప్లాస్టిక్ పెట్టెలో చిన్న సర్క్యూట్ బోర్డు, నాలుగు రిలే స్విచ్చులు, ముందు ఒక తెర. నీళ్లలోకి వేలాడే సన్నటి స్టీలు సెన్సర్. అరగంటకోసారి నీళ్ల వేడి ఎంతో నా ఫోన్‌లో నమోదయ్యేలా కూడా పెట్టాడు. ఇరవై ఆరు డిగ్రీల దగ్గర నిలిపాం. మూడు నెలలు తేడా లేకుండా నడిచింది. ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో పగడాలు విచ్చుకున్నాయి. పేషెంట్లు ఫోటోలు దిగేవాళ్లు. ఎవరు చేశారని అడిగితే నేనే చేశానని చెప్పేదాన్ని. ఒకసారి యాకూబ్ పక్కనే ఉండగా కూడా చెప్పాను. అతను తలవంచుకుని స్క్రూలు బిగించుకుంటున్నాడు.

ఒక ఆదివారం కాలేజీ స్నేహితులు తొట్టె చూడటానికి వస్తామన్నారు. ముందు రోజు శనివారం, పొద్దున్నుంచీ తెర మీద అంకె రావడం, పోవడం. యాకూబ్‌కు ఫోన్ చేశాను.

"నిన్నటి సంది జరమున్నది మేడం. సోమారం వస్త" అన్నాడు.

"రేపు మంది వస్తున్నరు. గోలీ ఏస్కొని రా" అన్నాను.

వచ్చాడు. గూడూరు నుంచి జనగామకు వానలో బండి మీద. బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. సోఫా తడుస్తుందని కూర్చోనివ్వలేదు. నా అసిస్టెంట్ బుజ్జి గోనెసంచి తెచ్చి పరిస్తే దాని మీద నిలబడి పని చేశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కండ్ల ఎనుక గుంజుతున్నది మేడం" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. వానాకాలంలో జ్వరం, కళ్ల వెనక నొప్పి అంటే దేన్ని అనుమానించాలో పరీక్షలో రాసి పాసైనదాన్ని. బల్ల సొరుగులోంచి నాలుగు పారాసిటమాల్ గోలీలు తీసిచ్చి, "జర తొందరగా కానియ్యి" అన్నాను.

పాత సెన్సర్ తీసేసి కొత్తది బిగించాడు. అది సరిగ్గా చూపిస్తుందో లేదో తెలియాలంటే రెండు చోట్ల, ఒకటి చల్లటి లెక్క దగ్గర, ఒకటి వేడి లెక్క దగ్గర సరిచూడాలట. మొదట ఐసు నీళ్లలో పెట్టాడు. రెండోసారి తన చంకలో పెట్టుకున్నాడు. ఇంకో చంకలో నా క్లినిక్ థర్మామీటర్.

"నాకు జరమున్నది గదా, పైలెక్క మంచిగ దొరికింది" అని నవ్వాడు.

థర్మామీటర్ తీసి చదివింది నేనే. నూట రెండు పాయింట్ రెండు. తెర మీద ముప్పై తొమ్మిది సెంటీగ్రేడు. రెండూ ఒకటే.

"సరిపోయింది" అన్నాను.

నేనన్నది సెన్సర్ గురించి. పనిముట్ల సంచి రేపో ఎల్లుండో తీసుకుపోతానని ఇక్కడే పెట్టి వెళ్లిపోయాడు. వాన ఇంకా పడుతూనే ఉంది. బుజ్జి తలుపు దగ్గర నిలబడి, "మేడం, గా మనిషి వణుకుతుండు" అంది. తడి తుడవమని చెప్పాను.

ఆదివారం స్నేహితులు వచ్చారు, మెచ్చుకున్నారు, పోయారు.

సోమవారం పదకొండు గంటలకు పేషెంటు పన్ను పీకుతుండగా ముందుగదిలో చిల్లర్ ఆగకుండా నడుస్తున్న చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే తెర మీద 39.5 ఉంది. నీళ్లలో చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి. గాజు థర్మామీటర్ పెడితే ఇరవై అయిదు. సెన్సర్ తీసి తుడిచి ఐసు ముక్కల గ్లాసులో పెట్టాను. అయిదు నిమిషాలు చూశాను. 39.5. యాకూబ్ ఇచ్చిపోయిన ఇంకో కొత్త సెన్సర్ ఉంటే అది తగిలించి, అదే ఐసులో పెట్టాను. అదీ 39.5. కరెంటు తీసి మళ్లీ వేశాను. అంతే. ఇదంతా బుజ్జి కూడా చూసింది.

చిల్లర్, హీటర్ రెండింటినీ కంట్రోలర్ నుంచి తప్పించి నేరుగా ప్లగ్గులో పెట్టాను. గంటగంటకూ గాజు థర్మామీటర్ చూసుకుంటూ చేత్తోనే వేస్తూ తీస్తూ, నీళ్లను ఇరవై ఆరు దాటనివ్వలేదు. సాయంత్రం ఆరింటికి తెర నలభై చూపించింది.

యాకూబ్‌కు ఫోన్ చేశాను. అతని భార్య షమీమ్ ఎత్తింది. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించామని చెప్పింది. మనిషి ఎట్లున్నాడని నేను అడగలేదు.

"ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టు" అన్నాను.

పెట్టింది. ఊపిరి వినిపిస్తోంది. ఏం జరుగుతోందో చెప్పాను.

"నీళ్లల్ల చెయ్యి పెట్టి సూడుండ్రి మేడం. సల్లగుంటే నీళ్లు మంచిగనే ఉన్నట్టు" అన్నాడు. నాలుక మందంగా తిరుగుతోంది. "లేస్తే వచ్చి సూస్త."

"చెత్త పెట్టె చేసిచ్చి పోయినవ్. నా పగడాలు చస్తే నువ్వు బతికిస్తవా?" అన్నాను.

షమీమ్ ఫోన్ తీసుకుని, "మాఫ్ చెయ్యిండ్రి మేడం" అని పెట్టేసింది. అతనితో నేను మాట్లాడిన చివరి మాట అదే.

మంగళవారం తెర ముప్పై తొమ్మిదికి, నలభైకి మధ్య తిరిగింది. నీళ్లు ఇరవై ఆరులోనే ఉన్నాయి. అయినా పగడాలు తెల్లబడటం మొదలైంది. మొదట ఊదావి, తర్వాత అన్నీ. బుధవారం మధ్యాహ్నానికి తొట్టె నిండా తెల్లటి కొమ్మలే. ఫోటోలు తీసి హైదరాబాద్‌లో నేను పగడాలు కొన్న షాపతనికి పంపితే, "నీళ్లు బాగా వేడెక్కినట్టున్నయ్ కదా డాక్టర్" అన్నాడు. వేడెక్కలేదని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఆ బుధవారమే, రెండింటికి, తెర 36.8కి దిగింది. దిగుతోంది కదా, దారికొస్తోంది అనుకున్నాను. గురువారం పొద్దున 36. ఒంటిగంటకు 35.2. రెండు దాటాక గంటకు ఒక డిగ్రీ చొప్పున, తొందర లేకుండా దిగుతూ పోయింది. పేషెంటుకు, పేషెంటుకు మధ్య లేచి వెళ్లి చూసుకుంటూ సంతోషపడ్డాను. శుక్రవారం ఉదయానికి ఇరవై ఆరు దగ్గర ఆగింది. మేం పెట్టిన అంకె అదే. పాయింటు కూడా కదలడం లేదు.

"చూసినవా, దానంతటదే సర్దుకుంది" అని బుజ్జికి చూపించాను.

సోమవారం, సంచి తీసుకుపొమ్మని చెప్పడానికి ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తాడు. షమీమ్ అన్న.

"మా బావ లేడు మేడం. గురువారం పగటీలి రెండింటికి పోయిండు."

తర్వాత హన్మకొండ నుంచి ఒక ఇంజనీర్‌ను పిలిపించి కంట్రోలర్ విప్పించాను. బోర్డు బాగుంది, వైర్లు బాగున్నాయి, సెన్సర్ ఐసులో సున్నా చూపించింది. "ఏ లోపం లేదు, పనివాడు నీటుగా చేశాడు" అన్నాడు. అప్పటికి నాకు అనుమానమేమీ లేదు. సెన్సర్‌లోకి ఉప్పునీళ్లు పోయి ఉంటాయి, ఆరిపోయి ఉంటాయి అనుకున్నాను. తెల్లబడిన పగడాలను బకెట్లో వేసి బుజ్జితో పారబోయించాను.

మూడు నెలలకు భూపాలపల్లిలో పళ్ల క్యాంపు పడింది. షమీమ్ అక్కడే అన్న ఇంట్లో ఉంటోందని తెలిసి, సంచి ఇచ్చేద్దామని వెళ్లాను. చిన్న రేకుల ఇల్లు. ఆమె సంచి విప్పలేదు. ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా కింద నుంచి మడిచిన కాగితం తెచ్చింది. క్యాలెండర్ నుంచి చింపిన కాగితం. వెనకవైపు పెన్నుతో అంకెలు.

"నర్సమ్మ చెప్పినప్పుడల్లా రాసుకున్న. మీరు డాక్టర్ గదా మేడం, జర సూడుండ్రి. నేనేడ తప్పు చేసిన్నో చెప్పుండ్రి."

సోమవారం పదకొండు: 103.1. సోమవారం సాయంత్రం ఆరు: 104. మంగళవారం పొద్దున: 102.2. చదువుతూ నాకు తెలియకుండానే సెంటీగ్రేడులోకి మార్చుకుంటున్నాను. ముప్పై తొమ్మిదిన్నర. నలభై. ముప్పై తొమ్మిది. ఫోన్ తీసి కంట్రోలర్ నమోదు చేసిన లెక్కలు తెరిచాను. బుధవారం రెండింటికి ఆమె కాగితంలో 98.2. నా ఫోన్‌లో 36.8. కాగితంలో పదకొండు అంకెలున్నాయి. పదకొండూ సరిపోయాయి. గురువారం ఒంటిగంట దగ్గర అంకె లేదు. 'చేతులు సల్లగున్నయ్' అని రాసి ఉంది. దాని కింద ఏమీ లేదు. నా ఫోన్‌లో మాత్రం ఆ తర్వాత కూడా అంకెలున్నాయి. ఇరవై ఆరు వరకు.

షమీమ్ మాట్లాడుతూనే ఉంది. "బుధారం జరం దిగింది. బతికిండని మురిసిన మేడం. ఇంట్ల సేమియా చేయించి పంచిన. గురువారం చేతులు సల్లవడ్డా, జరం పోయిందనే అనుకున్న. నర్సమ్మను పిలువలే. నా తప్పేనా?"

డెంగీలో జ్వరం దిగిన తర్వాతే అసలు ప్రమాదమని నాకు తెలుసు. అది ఆమెకు తెలియాల్సిన పని లేదనీ తెలుసు. శనివారం నూట రెండు జ్వరాన్ని నా చేత్తో పట్టుకుని చదివి, వానలో తిప్పి పంపిన మనిషిని నేను. ఆ సంగతి యాకూబ్ ఇంట్లో చెప్పలేదేమో, ఆమె దాని ఊసెత్తలేదు. ఒక్కమాట చెబితే సరిపోయేది. నీ తప్పు కాదమ్మా అంటే సరిపోయేది.

"పిలవాల్సింది షమీమ్" అన్నాను. "అప్పుడు పిలిచి ఉంటే బతికేటోడేమో."

ఆమె ఏడవలేదు. నెమ్మదిగా తలూపి, కాగితం మళ్లీ అవే మడతల్లో మడిచింది. చాయ్ పెట్టింది. తాగి వచ్చాను.

ఆ లెక్కలు ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లకు చూపించాను. సెన్సర్ చెడితే ఎక్కువ చూపిస్తుందన్నారు, కాకతాళీయమన్నారు. ఐసు గ్లాసులో రెండు సెన్సర్లూ జ్వరం ఎందుకు చూపించాయంటే చెప్పలేకపోయారు. చల్లటి నీళ్లలో పగడాలు వేడికి చచ్చినట్టు ఎందుకు చచ్చాయో చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. దయ్యం అని అనలేను. మరేదో కూడా అనలేను. తొట్టె తీసేశాను, ఫోన్‌లో లెక్కలు మాత్రం ఉంచుకున్నాను.

షమీమ్ ఇప్పుడు ప్రతి రంజాన్‌కు ఫోన్ చేస్తుంది. పోయినసారి కూడా చేసింది. ఇంట్లోవాళ్లు, చుట్టాలు, దవాఖానవాళ్లు, అందరూ తనను ఊరుకోబెట్టడానికి నీ తప్పేం లేదు, నీ తప్పేం లేదని అబద్ధాలాడారట.

"ఒక్క మీరే నిజం చెప్పిండ్రు మేడం" అంది.