సాలూరు దారిలో వెలిగిన ఇంజన్ లైటు

ఆఖరి రోజు నా భార్య సుశీల పొద్దున్నే కాఫీ అడిగి సగం తాగింది. పదింటికి జ్వరం పెరిగింది. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రిలో పోయింది. ఎల్లుండికి ఏడాది. సంవత్సరీకం ఆమె పుట్టిన సాలూరులో పెట్టాలని నిర్ణయించుకున్నాను. సుశీలను చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన అక్క, మా పార్వతి వదిన, చరోదాలో ఉంటుంది. ఆమె భర్తకు రైల్వే యార్డులో సెలవు దొరకలేదు. ఆమె మోకాళ్ళు రైలు మెట్లెక్కనివ్వవు. అందుకే కారు.

ఈ ఉదయం ఐదింటికి స్మృతి నగర్‌లోని మా ఇంటి నుంచి బయల్దేరి, ఐదున్నరకి వదినను ఎక్కించుకున్నాను. రాయ్‌పూర్, ధమ్తరి, కాంకేర్, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు. పగలంతా పట్టే దారి. కుమ్హారి దాటగానే స్టీరింగు ముందు ఇంజన్ బొమ్మ పసుపుగా వెలిగింది. అభన్‌పూర్‌లో టీ తాగుతూ పక్కనున్న మెకానిక్‌కు చూపించాను. అతను బ్యాటరీ వైరు పది నిమిషాలు ఊడదీసి మళ్ళీ పెట్టి యాభై రూపాయలు తీసుకున్నాడు. లైటు ఆరింది. కురుద్ చేరేసరికి మళ్ళీ వెలిగింది, బండి కుదపడం కూడా మొదలైంది. ముందు కేశ్‌కాల్ ఘాట్ కొండదారి ఉంది. ఆ మలుపుల్లో బండి ఆగితే వదినను ఎక్కడ కూర్చోబెట్టను? వెనక్కి తిప్పాను. చేతిలో ఇంకొక్క రోజే ఉంది.

పదకొండింటికి మా ఊళ్ళోనే వైశాలి నగర్‌లో ఉన్న అప్పారావు గ్యారేజీకి చేరాం. విజయనగరం వైపు మనిషి. కారుకు తగిలించి లోపం చదివే యంత్రం అతని దగ్గర ఉంది. మూడో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదని అది చూపించింది.

"ఇంజన్ మీద ఏటైనా పోసినారా సార్? పానీ గీనీ?"

"ఏమీ పొయ్యలేదు."

కారు వెనక సీట్లోంచి వదిన అంది, "పోసినాను బాబూ. మొన్న విశ్వకర్మ పూజకి. నీళ్ళు కాదు, కొబ్బరినీళ్ళు."

"ప్రసాదం అంతా ఇంజన్‌కే పెట్టేసినారేటి దీదీ! మాకో ముక్కయినా ఉంచినారా?" అని అప్పారావు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "ఏడాది తిరక్కుండా పూజేమిటి వదినా?"

"ఇంటికి మైల గానీ బండికేటి మైల? యార్డులో ఇంజన్లకి అందరూ ఇలగే సేత్తారు."

"రైలింజనూ ఇదీ ఒకటేనా? ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

గట్టిగానే అరిచాను. పక్క బండి దగ్గరివాళ్ళు తిరిగి చూశారు.

"నా సెల్లి బండికి నాను కీడు సేత్తానేటి?" అంది వదిన.

అప్పారావు ఆ సిలిండర్‌కు నిప్పురవ్వ అందించే కాయిల్ వైరు ఊడదీశాడు. లోపల పంచదార పాకంలా జిగురు, అందులో రెండు చీమలు. తుడిచి, గాలి కొట్టి, ఆరబెట్టి బిగించాడు. గంటన్నర పని, మూడు వందలు. కుదుపు పోయింది. పగలు సగం పోయింది కనక ప్రయాణం రేపటికి మార్చి వదినను ఇంటికి తీసుకెళ్ళాను. చరోదా చేరేదాకా లైటు వెలగలేదు. వదిన తలుపు పట్టుకుని మెల్లగా దిగింది.

"నువ్వెల్లి రా బాబూ. నాను రాను. దారంతా నన్ను సూసి నీకు కోపమొత్తాది."

ఆమెను దింపి, బండి ఎలా ఉందో చూడటానికి రాయ్‌పూర్ దాకా వెళ్ళొచ్చాను. లైటు మళ్ళీ రాలేదు. కారు సిద్ధంగా ఉంది. పూజ రోజు మా ఇంటికొచ్చి బానెట్ తియ్యమని వదిన అడిగితే తీసింది నేనే. తీసి, ఏం చేస్తుందో చూడకుండా లోపలికి పోయి పడుకున్నాను. ఇంత దూరం క్షేమంగా వెళ్ళాలనే ఆమె ఆ కొబ్బరికాయ కొట్టింది. బానెట్ తీసింది నేనన్న సంగతి గ్యారేజీలో చెప్పాల్సింది. చెప్పలేదు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. ఇంజన్ లైటు వెలిగితే ముందు యంత్రం పెట్టి, లోపమేదో చెప్పే కోడు చదివించండి. బ్యాటరీ ఊడదీస్తే లైటుతోపాటు ఆ కోడూ చెరిగిపోవచ్చు. లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

రేపు ఉదయం నాలుగున్నరకి చరోదా వెళ్తాను. వీధిలోంచి హారన్ కొట్టను. తలుపు తట్టి, బానెట్ తీసింది నేనేనని వదినతో చెప్పి, నాతో రమ్మని అడుగుతాను.